మా ఆయన స్తోత్రాలు

మా ఆయన దేవుడికి స్తోత్రం చెప్పని సందర్భమంటూ లేదు. ఉప్పల్‌లో బస్సు తప్పిపోతే ఒక స్తోత్రం, వెనకాల వచ్చిన బస్సులో సీటు దొరికితే రెండు. పప్పు మాడితే, మాడడానికి ఇంట్లో పప్పున్నందుకు స్తోత్రం. నేను కసురుకుంటే, కసిరే ఓపిక నాకింకా ఉన్నందుకు.

ఇంట్లో అయితే నవ్వి ఊరుకునేదాన్ని. నాచారంలో మా చర్చి సంఘంలో ఆదివారం, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల సమయం వచ్చిందంటే మాత్రం నాకు గుండె దడ. చాపల మీద మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లం ఒక పక్క కూర్చుంటాం. ఆయన లేచి మా ఇంటి గుట్టంతా కృతజ్ఞతతో విప్పుతుంటే, చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టే వీలుండదు. నా మోకాళ్ల నొప్పి, మా అమ్మతో నేను పడ్డ గొడవ, వాషింగ్ మెషీన్ రిపేరు, సంఘానికి తెలియనిది లేదు. కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చునేదాన్ని.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం అలాగే లేచారు.

"సంఘానికి వందనాలు. మల్లాపూర్ కంపెనీల నా పని పోయి పదిహేను దినాలాయె. అయినా దేవుడు మమ్మల్ని ఒక్క పూట గూడ పస్తు ఉంచలే. ఆయనకే స్తోత్రం."

"స్తోత్రం!" అంది సంఘమంతా. అలవాటు చొప్పున నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా. అన్నాక గాని విన్నది బుర్రకెక్కలేదు.

పక్కనున్న అక్క నా చెయ్యి పట్టుకుని, "ఒక్క మాటన్న చెప్పకపోతివి గదమ్మా!" అంది. నాకు చెబితే కదా నేను ఆమెకు చెప్పడానికి! పదిహేను రోజులు పొద్దున్నే లేచి డబ్బా కట్టిచ్చాను, ఆయన లేత్ మెషీన్ మీద పనికి వెళ్తున్నారనుకుని.

బండి మీద ఇంటికొచ్చాం. ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది. గుమ్మం దాటగానే అడిగాను.

"రోజూ డబ్బా ఎక్కడ తిన్నారండీ?"

"పని కోసం కంపెనీలు తిరిగి తిరిగి, నాగోల్ మెట్రో కింద కూసొని తిన్న. ఎక్కడ అడిగినా లేదన్నరు."

"అంతమందికి చెప్పారు. నాకు చెప్పడానికేమైంది?"

"ఆడ స్తోత్రమని మొదలువెడితే నోరు దానంతటదే నడుస్తది. నీ మొఖం జూస్తె నడవలే."

లోపలికెళ్లి అన్నం వడ్డించాను. భోజనానికి ముందు ప్రార్థన ఎప్పుడూ ఆయనదే. కూర చల్లారితే గాని ఆమెన్ రాదు. ఆ రోజు మాత్రం కళ్లు మూసుకుని "ప్రభువా" అని ఆగిపోయారు. ఎంతసేపటికీ రెండో మాట రాలేదు. చివరికి కళ్లు తెరిచి నా వైపు చూశారు.

"భయమైతుందే" అన్నారు.

ఇన్నేళ్ల కాపురంలో స్తోత్రం అద్దకుండా ఆయన చెప్పిన కష్టం అదొక్కటే. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నలుగురిలోనే కాదు, ఇంట్లో కూడా ఏనాడూ పైకి ప్రార్థన చేసి ఎరగని నేను కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, ఈ మాటైనా సంఘం కంటే ముందు నాకు చెప్పించావు. నీకు వందనాలు."