పుచ్చుకున్నవారి సంతకం

రెండువేల ఆరవ సంవత్సరం నాటికి నేను కువైత్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యపత్రాల శాఖాధికారిని. రోగుల దస్త్రాలను భద్రపరచడం, పరీక్షల నివేదికలను అందజేసి రిజిస్టరులో సంతకం తీసుకోవడం నా విధి. నివేదికలోని విషయాన్ని వివరించే అధికారం మాత్రం వైద్యునిదే. ఇళ్లలో పనిచేసేవారి నివేదికలను, వారిని వెంటబెట్టుకొని వచ్చిన యజమానికే ఇచ్చేవాళ్లం. అది రాసిపెట్టిన నియమం కాదు. నేను చేరేనాటికే స్థిరపడిన అలవాటు.

ఆ చలికాలంలో మా సభామందిరంలో ఒక చైనా ఆచార్యురాలు ఆంగ్లంలో బహిరంగోపన్యాసం చేశారు. చైనా సమాజంలో రోగవార్తను ఎవరు ఎవరికి తెలుపుతారన్నది విషయం. ఆసనాల ఏర్పాటు నాది. నగరంలోని అర్దియా ప్రాంతం నుండి ఒక కువైతీ విశ్రాంత ఉపాధ్యాయురాలు చక్రాల కుర్చీలో వచ్చారు. కుర్చీని తోసుకొచ్చినది ఆమె ఇంట్లో పనిచేసే ఓబులమ్మ, కడప జిల్లా మనిషి. కుర్చీని వరుస చివర నిలిపి, ఓబులమ్మను నా పక్క ఆసనంలో కూర్చోబెట్టాను.

కొంతసేపటికి ఆమె నావైపు వంగింది. "సార్, ఆ చీనామ్మ ఏం చెప్తాంది? అందురూ తలకాయలు ఊపుతాండారు. నాకూ చెప్తే నేనూ ఊపుతా."

మెల్లగా అనువదించసాగాను. అక్కడ పెద్ద జబ్బు బయటపడితే వైద్యుడు తరచుగా ముందు కొడుకుతోనో భర్తతోనో చెబుతాడు. రోగికి చెప్పాలా వద్దా అన్నది కుటుంబం నిర్ణయిస్తుంది. దానిని ప్రేమగానే భావిస్తారు. ఆ ప్రేమ వల్లనే రోగికి తన చికిత్స గురించి నోరు విప్పే అవకాశం పోతోందని ఆచార్యురాలి వాదం.

ఓబులమ్మ తల ఊపలేదు. "అయితే ఆ మనిషికి తప్ప ఇంట్లో అందురికీ తెలుస్తాదన్నమాట," అంది. "నాకు ఈడ ఇంట్లోవాళ్లు ఎవురుండారు సార్? రొమ్ములో గడ్డకు సూది పెట్టి చూసినారే, ఆ రిపోర్టు ఎవురికిచ్చినారు? మామా బలహీనమనింది. వచ్చే వారం ఊరికి పంపిస్తాదంట, టికెట్టు గూడా తీసింది."

మామా అంటే ఆ యజమానురాలే. ఆరు దినాల కిందట ఆవిడ చేత సంతకం చేయించుకొని ఆ నివేదిక కవరు అందించినవాడిని నేనే. నివేదికను దస్త్రంలో చేర్చేటప్పుడు అందులోని క్యాన్సర్ అన్న మాటను చదివి ఉన్నాను.

ప్రశ్నల వేళ నేను లేచి, కుటుంబం దేశంలోనే లేని రోగి సంగతేమిటని అడిగాను. ఎవరికి చెప్పాలో రోగినే ముందు అడగడం తామూ ఇంకా నేర్చుకుంటున్నామని ఆచార్యురాలు ఒప్పుకున్నారు.

సభ ముగిశాక మామాతో అరబ్బీలో మాట్లాడాను. ఆవిడ కఠినురాలు కాదు. పరాయి ఇంట్లో ఏడవడమెందుకు, తనవాళ్ల మధ్య తనవాళ్లే చెబుతారని ఆవిడ ఉద్దేశం. ఊరిలో చికిత్స ఎక్కడ, ఎన్నాళ్లకు అందుతుందో ఆవిడ ఆలోచించలేదు. కవరు ఇచ్చిననాడు నేనూ ఆలోచించలేదు. మరునాడు ఓబులమ్మను వైద్యుని వద్దకు తీసుకురమ్మని కోరాను. కొంత తటపటాయించి ఒప్పుకున్నారు.

ఉదయమే దస్త్రాన్ని శస్త్రవైద్యుని బల్లపై ఉంచి, రోగికి ఇంతవరకు ఎవరూ తెలుపలేదని చీటీ జతచేశాను. ఆయన చెప్పారు, నేను తెలుగు చేశాను. గడ్డ చిన్నదే గాని ఆలస్యం పనికిరాదు.

"ఈడనే కోస్తారా?" అని అడిగింది ఓబులమ్మ. కోస్తారన్నాను.

"అయితే టికెట్టు ఖలాస్ అని చెప్పండి మామాకు. మొదులు ఆపరేషను. ఏడ్చేదుంటే ఊరికి పోయినాంక ఏడుస్తా." అప్పటికే మామా కళ్లు తుడుచుకుంటున్నారు. "చూడండి సార్, నాకంటే ముందు ఈయమ్మ మొదులుపెట్టె!"

తరువాత నావైపు తిరిగింది. "మీకు ఎన్ని దినాల నుంచి తెలుసు?"

ఏడు దినాలన్నాను.

"నిన్న పక్కనే కూచోబెట్టుకొని చీనావాళ్ల కథంతా చెప్తిరే!"



శస్త్రచికిత్స ఆ నెలలోనే జరిగింది. సంతకం పడినచోట పని ముగిసిందనుకోవడం మా వృత్తిలో అతి సులభమైన పొరపాటు. అందజేయడం వేరు, తెలియజేయడం వేరు. రిజిస్టరులో 'పుచ్చుకున్నవారి సంతకం' పక్కన మరొక గడి గీయించాను: 'రోగికి తెలిపిన తేదీ'. మొదటి వరుసలో ఓబులమ్మ పేరు రాసి, ఏడు దినాల ఆలస్యానికి బాధ్యుడిగా నా సంతకం చేశాను.