ముందుకు పోయే చేప

మా మత్స్యశాస్త్ర విభాగం లోగోలో ఉన్నది ఒకే ఒక నీలం చేప. అది ఎప్పుడూ ఎడమవైపు చూస్తుంటుంది. ఎక్కడ వేసినా అదే నీలం ఉండాలని, చేపను అటూ ఇటూ తిప్పకూడదని నియమాల కాగితం రాసింది నేనే. రంగు కాస్త ముదిరిందని బ్యానర్లు వెనక్కి పంపి, విభాగమంతటితో తిట్లు తిన్నవాణ్ణి.

కిందటేడు విభాగానికి పడవ కొన్నాం. వాకాడు వైపు పడవలకు రంగులు వేసే ఒక పెద్దాయనకు లోగో కాగితం ఇచ్చి వచ్చాను. వారం తర్వాత వెళ్లి చూస్తే నీలం అచ్చు గుద్దినట్టు కుదిరింది. ఉబ్బిపోతూ పడవ చుట్టూ తిరిగాను. రెండో పక్క చేప కుడివైపు చూస్తోంది.

"ఏందన్నా ఇది? తిప్పేసినావే!" అని అరిచాను.

ఆయన కుంచె కడుక్కుంటూనే జవాబు చెప్పాడు. "తిప్పకపోతే ఈ పక్క చేప ఎనక్కి పోతా ఉంటది సార్. ఎనక్కి పోయే చేపను పెట్టుకోని సముద్రంలోకి ఎవురు పోతారు?"

ఇంకా ఏదో అనబోయి పడవ మొన వైపు చూశాను. చేప కూడా అటే చూస్తోంది. నాకు నవ్వొచ్చింది.

మర్నాడే నియమాల కాగితంలో ఒక వాక్యం చేర్చాను: "పడవ మీద చేప రెండు పక్కలా ముందుకే పోవాలి."

ఆ కాగితంలో ఇంతవరకు ఎవరూ ఎందుకని అడగని నియమం అదొక్కటే.