కొంగులో ఉలవలు

మా ఆయనకు టాంగా ఉండేది. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో రెండు గదుల ఇల్లు మాది, దాన్ని ఆనుకుని గుర్రానికి రేకుల తబేలా. పొద్దున బేగంబజార్ నుంచి కిరాణా సామాను, సాయంత్రం ఆడవాళ్ల సవారీలు. పాత గుర్రం ముసలిదై చచ్చిపోయాక ఆయన ఎక్కడో సంతకు పోయి ఒక వయసు గుర్రాన్ని పట్టుకొచ్చాడు. పాలపళ్లు కూడా పూర్తిగా ఊడలేదు దానికి. నల్లటి ఒళ్లు, పొగరు చూపు.

అప్పటికి మా బాబు పోయి ఏడాది కూడా కాలేదు. నాలుగేళ్లవాడు. జ్వరం వచ్చింది, దవాఖానాకు ఎత్తుకుపోయేలోపే నా భుజం మీద మెడ వాల్చేశాడు. ఆ తర్వాత నాకు కడుపు పండలేదు. ఇంట్లో వంట చేసేదాన్ని, తినేదాన్ని, ఎవరైనా పలకరిస్తే మీదపడి కసిరేదాన్ని. సందులో వాళ్లంతా నన్ను చూసి పక్కకు తప్పుకునేవారు. తప్పుకోనీ, నాకేం?

మా అత్తగారి వైపు ఒక ఆచారం ఉంది. కొత్త గుర్రం ఇంటికొస్తే మొదటి దాణా ఇల్లాలు తన కొంగులో పోసి పెట్టాలి. అట్లా పెడితే అది ఇంటిని మరవదని నమ్మకం. ఉడికించిన ఉలవలు, ఇంత బెల్లం కొంగులో పోసుకుని తబేలాలోకి పోయాను. గుర్రం తల వంచి తిన్నది. అయిపోయాక తల ఎత్తలేదు, నా పొట్టలో నుదురు ఆనించి గట్టిగా నెట్టింది. ఇంకా కావాలట! మా బాబు అచ్చం అట్లాగే నెట్టేవాడు, నేను పొయ్యి దగ్గర కూర్చుంటే. నాకు ఏడుపు ఆగలేదు. ఆ గుర్రం మెడ పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

ఒక్కసారి చేయాల్సిన ఆచారాన్ని నేను రోజూ చేశాను. గుర్రాన్ని ‘వాడు’ అనడం కూడా మొదలుపెట్టాను. మా ఆయన తొట్టి చూపించి కోప్పడేవాడు.

“తొట్టి ఉన్నది ఎందుకే? కొంగుల తినుడు అలవాటైతే గది నెత్తికెక్కుతది.”

“తిననియ్యయ్యా. నీదేం పోయింది?” అనేదాన్ని.

నెత్తికెక్కడం అంటే ఏమిటో రెండు మూడు నెలల్లోనే తెలిసింది. తలుపు గడియ తీస్తే చాలు, మనిషిని గోడకు అదిమేసి బయటికి దూకేవాడు. బకెట్ తెస్తుంటే ఎదురొచ్చి లాక్కునేవాడు. ఆలస్యమైతే జబ్బ మీద పళ్లు దింపేవాడు. అబ్బో, ఏం దౌర్జన్యం! ఆయన ఒళ్లంతా కమిలిన మచ్చలే. నాకు మాత్రం నవ్వొచ్చేది. బిడ్డ పోయాక నేను నవ్వింది అప్పుడే. అందుకే ఆయన కూడా పళ్లు బిగబట్టి ఊరుకున్నాడేమో.

ఒకరోజు మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటామె టాంగా దిగుతోంది. పెద్దమనిషి, మా బాబు పుట్టినప్పుడు నాకు కాన్పు చేసిన చేతులు ఆమెవి. దుపట్టా కొంగులో పచ్చి బఠానీలు మూటగట్టుకుంది. వాడికి కొంగు కనబడింది, అంతే. పళ్లతో పట్టి గుంజాడు. ఆమె బోర్లా పడింది. లేవదీసేసరికి మణికట్టు వాచి వేలాడుతోంది.

“జానే దే బేటీ, జాన్‌వర్ హై,” అంది ఖాలా, నొప్పితో మూలుగుతూనే. పోనీలే బిడ్డా, నోరులేని జంతువు, అని. ఆమె నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

ఆయన ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు.

“అమ్మేస్త. మనుషుల మీదికొచ్చే గుర్రానికి సవారీ ఎవలెక్కుతరు? ఇప్పటికే అందరు ఆటోలకు పోతున్రు.”

“ఎవరికి అమ్ముతవ్?”

“ఇటుకబట్టీలోళ్లు కొంటరు.”

ఇటుకబట్టీల్లో గుర్రాల బతుకు నాకు తెలుసు. వీపు మీద పుండ్లు, కళ్ల నిండా దుమ్ము. అక్కడికి పోయిన గుర్రం ఎన్నాళ్లు బతుకుతుంది? నేను ఆయన కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

“పండుగ దాంక ఆగు. నేనే మంచిగ చేస్త వాన్ని. గట్ల చేసింది నేనే గద.”

ఆయన నన్ను తబేలాలోకి తీసుకుపోయి ఎట్లాగో చూపించాడు. “మీదికొస్తె నువ్వు ఎనుకకు పోవద్దు. నువ్వు ఒక్క అడుగు జరిగినవంటే అదే పెద్దదనుకుంటది. దాన్నే జరుపు. అది రెండడుగులు ఎనుకకు పోయి, మూతి పక్కకు తిప్పి నిలబడ్డంకనే బకెట్ పెట్టు. కొట్టకు. నెత్తి నిమురకు. మాట్లాడకు.”

కొట్టకుండా ఉండటం నాకేం కష్టం? నిమరకుండా ఉండటమే ప్రాణం మీదికొచ్చింది. మర్నాడు పొద్దున చీర కొంగు నడుముకు బిగించి, బకెట్ పట్టుకుని లోపలికి పోయాను. వాడు ఎప్పటిలాగే వచ్చి నా పొట్టలో తల పెట్టాడు. మోచేయి అడ్డం పెట్టి నెట్టాను. వాడికి అర్థం కాలేదు. మళ్లీ వచ్చాడు. మళ్లీ నెట్టాను. “పీఛే!” అని, వెనక్కి పొమ్మని అరిచాను. చెవులు వెనక్కి వాల్చి, ఇదేమిటన్నట్టు చూశాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరం ఉపవాసమే. చివరికి అలిసిపోయి వెనక్కి జరిగాడు. బకెట్ పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసి, వంటింట్లో కూలబడ్డాను.

రోజూ అదే పని. ఒకరోజు విని మర్నాడు మరిచేవాడు. ఒకసారి నా కాలు తొక్కాడు, గోరు ఊడింది. ఖాలా కట్టు కట్టిన చేత్తోనే గుమ్మంలో కూర్చుని, “షాబాష్! ఛోడ్ నక్కో!” అని, వదలొద్దని అరిచేది. వాడు నేర్చుకున్నాడు. పండుగ నాటికి నా అడుగుల చప్పుడు వింటే చాలు, రెండడుగులు వెనక్కి వేసి, మూతి పక్కకు తిప్పి నిలబడేవాడు. ఆయన ఖాలానే మొదటి సవారీగా ఎక్కించుకుని మార్కెట్ చుట్టూ తిప్పాడు. ఇటుకబట్టీ మాట మళ్లీ ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను, సందులో అందరికీ చక్కెర పంచాను.

ఎండాకాలం సెలవులు అయిపోయి బడులు తెరిచారు. మా బాబు ఈడు పిల్లలు కొత్త పలకలు పట్టుకుని, నూనె కారే తలలతో మా గుమ్మం ముందు నుంచే పోయారు. ఒకడు బడికి పోనని వాళ్లమ్మ నడుము పట్టుకుని వేలాడుతున్నాడు. ఆమె విదిలించుకుంటోంది. విదిలించుకోకే, పిచ్చిదానా, అని అరవాలనిపించింది. ఇంటి తలుపేసి తబేలాలోకి పరుగెత్తాను.

చేతిలో బకెట్ లేదు, దాణా లేదు. వాడి మెడ కావాలి నాకు, అంతే. వాడు నన్ను చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. మూతి పక్కకు తిప్పాడు.

“రారా,” అన్నాను.

కదల్లేదు. చేతులు చాచి దగ్గరికి పోయాను. ఇంకా వెనక్కి పోవాలేమో అనుకున్నాడు పిచ్చి సన్నాసి, జరిగి జరిగి వెనక గోడకు ఆనుకున్నాడు. ఇక జాగా లేక, తల ఇంకా పక్కకు తిప్పుకుని, ఒళ్లు బిగబట్టుకుని నిలబడ్డాడు. నేను తాకితే తనే తప్పు చేశాననుకుంటాడేమోనని చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ గడ్డి మీదే కూర్చుని నోట్లో చీర కుక్కుకుని ఏడ్చాను.

టాంగా చక్రం బాగుచేయించడానికి పోయిన ఆయన మధ్యాహ్నం తిండికి వచ్చి, తబేలా తలుపు తెరిచి ఉండటం చూసి తొంగిచూశాడు. గుర్రం గోడ దగ్గర, నేను నేల మీద. “చూసినవా, తలుపు బార్లా తెరిచి ఉన్నా నీ మీదికి రాలే,” అన్నాడు సంబరంగా. “నా జన్మల గింత బుద్ధి గల్ల గుర్రాన్ని చూడలే. మస్తు నేర్పినవే.”

“అవ్,” అన్నాను, “మస్తు నేర్పిన.”