జ్వరం తగ్గిందా

రెండు మాటలు. ఐదేళ్ళుగా నేను మోస్తున్న బరువు అంతే. వాటిలో బూతు లేదు, శాపం లేదు. మీ ఇంట్లో ఎవరైనా మంచాన పడితే, చూడటానికి వచ్చిన మనిషి గడప దాటుతూనే అడిగే మాటలవి. అందుకే ఎవరూ పట్టుకోలేదు. ఆ మాటలనూ పట్టుకోలేదు, నన్నూ పట్టుకోలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఇందులో పేర్లన్నీ మార్చాను. ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాటను ముఖం కనిపించని చోట చెప్పడం నాకు కొత్త కాదు. నేను చేసిన తప్పు కూడా అలా చేసిందే. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి.

మాది మనుబోలు దగ్గర పల్లె. వరి పండించే ఇల్లు. డిగ్రీకి కావలి వెళ్ళినప్పుడు చెంగయ్య పరిచయమయ్యాడు. సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. వేటకు పోయే కుటుంబం. వాడు రోజూ బస్సులో కాలేజీకి వచ్చేవాడు. మమ్మల్ని కలిపింది చదువు కాదు. ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట. ఇటు నలుగురు, అటు నలుగురు, ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఆడతారు. మొదట్లో మేమిద్దరం ఒకే జట్టు.

వల ముడులు వేసి వేసి అలవాటైన వేళ్ళు వాడివి. ఆ వేళ్ళు అద్దం మీద కదులుతుంటే పక్కన కూర్చుని చూడటమే ఒక పని. గెలిచినా ఓడినా, అవతలివాడు పదేళ్ళ పిల్లాడైనా, ఆటంతా మమ్మల్ని తిట్టిన వెధవైనా, చివర్లో వాడు రాసే మాట ఒక్కటే. "బాగా ఆడినారు అన్నా."

నా వేళ్ళు అంత చురుకైనవి కావు. నోరు చురుకైనది. మైకు తెరిచి అవతలివాళ్ళను రెచ్చగొట్టడం నా పని. "ఏందబ్బయా, గుంటలో గేదెను కడుగుతుండావా, ఆట ఆడతుండావా?" "ఫోను మీ అవ్వకియ్యిరా, నీకన్నా ఆమె నయం." మా వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. అవతలివాడు ఉడికిపోయి, చాటు వదిలి పరిగెత్తుకొచ్చి చచ్చేవాడు. ఆ ఆటలో దాన్ని కూడా ఒక విద్య కిందే లెక్కేస్తారు. నేనూ అలాగే అనుకున్నాను. నాకున్న విద్య అదొక్కటే కాబట్టి, దాన్ని గొప్పది అనుకోకపోతే నాకింకేం మిగులుతుంది?

ఒకరోజు చెంగయ్య చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసి, "నీ నోటితో గెలిచేది నాకొద్దురా" అన్నాడు. కోపంగా అనలేదు. మరుసటి నెల వాళ్ళ ఊరి కుర్రాళ్ళతో వేరే జట్టు కట్టుకున్నాడు. స్నేహం పోలేదు. టీలు, బస్సులు, పరీక్షలు మామూలే. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. వాడు నన్ను తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణి.

అప్పుడే నేను రెండో ఐడీ తెరిచాను. పేరు వేరు, బొమ్మ వేరు. ముఖాలు తెలియని ముగ్గురితో కలిసి ఆ పేరు మీద ఆడేవాణ్ణి. మైకు తెరిచేవాణ్ణి కాదు, అన్నీ రాసేవాణ్ణి. అది నేనని ఎవరికీ తెలియదు. చెంగయ్య దగ్గర మాత్రం, ఆటలు మానేశాను, చదువుకోవాలి అని చెప్పాను.

ఇక వాళ్ళ నాయన సంగతి చెప్పాలి. ఇక్కడే నా చెయ్యి ఆగుతోంది.

మేం రెండో సంవత్సరంలో ఉండగా వాళ్ళ నాయన వేటకు పోయి తిరిగి రాలేదు. రోజూ తండ్రీ కొడుకులు ఇద్దరూ పోయే పడవ. చెంగయ్య చీకటితో పోయి వచ్చి, ఆ తర్వాతే కాలేజీకి వచ్చేవాడు. ఆ రోజు వాడికి జ్వరం. నాయన ఒక్కడే పోయాడు. గాలి లేచింది. పడవ ఎక్కడో దక్షిణాన, బోర్లా పడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి దొరకలేదు. జ్వరమొచ్చి బతికిపోయాడు, లేకపోతే ఇద్దరూ పోయేవాళ్ళు అని ఊరంతా అనుకుంది.

కొన్ని నెలల తర్వాత, వేట నిషేధం రోజుల్లో, నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. పడవలన్నీ ఇసుక మీదకు లాగి ఉన్నాయి. ఒక పడవ నీడలో కూర్చున్నాం. వాడు ఇసుక గుప్పిట్లోకి తీసుకుంటూ, వదులుతూ, "ఆ పొద్దు నాకు జ్వరం లేదురా" అన్నాడు. ఆ రోజు కాలేజీ సెలవు కాబట్టి వేట మధ్యాహ్నం దాకా సాగుతుంది, పదింటికేమో వాడికొక పోటీ ఉంది. సముద్రంలో ఉంటే ఆడలేడు. దుప్పటి కప్పుకుని జ్వరమని చెప్పాడు. నాయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడట. చల్లగానే ఉండి ఉంటుంది కదా? అయినా "పొణుకో" అని చెప్పి పోయాడట.

ఇది తెలిసిన మనిషి ఇంకొకడే ఉన్నాడు. వాళ్ళ అక్క మొగుడు, రమణ బావ. అప్పట్లో వాళ్ళింట్లోనే ఉంటూ వేరేవాళ్ళ పడవలో వేటకు పోయేవాడు. ఆ ఉదయం వల కోసం గదిలోకి వచ్చి, దుప్పటి కింద ఫోను పట్టుకుని ఉన్న చెంగయ్యను చూశాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. నాయన పోయిన తర్వాత కూడా ఆ విషయం నోరెత్తి అనలేదు. ఆ ఆట మానరా అని మాత్రం పోరేవాడు. పడవ బాగు చేయించి, బావా బావమరిదీ కలిసి వేటకు పోవడం మొదలుపెట్టారు. ఇంట్లో వాళ్ళ అమ్మ ముఖం చూడలేకపోతున్నానని, కళ్ళు మూసుకుంటే నుదుటి మీద ఆ చెయ్యి తగులుతుందని, ఫోను పట్టుకున్నంతసేపే ఆ చెయ్యి గుర్తు రాదని చెంగయ్య ఆ పడవ నీడలో నాతో చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని అడగలేదు. అడగాల్సిన పని ఉందని వాడు అనుకోలేదు.

ఆ తర్వాత మూడు నెలలకు మా వైపు జట్లకు ఆన్‌లైన్‌లో ఒక పోటీ జరిగింది. గెలిచిన జట్టును చెన్నైలో పెద్ద జట్టువాళ్ళు పిలిచి చూస్తారని చెప్పుకున్నారు. ఫైనల్‌లో చెంగయ్య వాళ్ళ ఊరి జట్టూ, నా రెండో ఐడీ ఉన్న జట్టూ తలపడ్డాయి. ఆదివారం మధ్యాహ్నం. నేను హాస్టల్ మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చున్నాను. రౌండ్లు సమానమయ్యాయి. ఆఖరి రౌండు మిగిలింది. దానికి ముందు కొన్ని సెకన్లు విరామం ఇస్తారు. అవతలి జట్టుకు కనిపించేలా రాసుకునే చోటు ఒకటి ఉంటుంది.

నోరు జారింది అంటారే, అలా జరగలేదు. నా వేళ్ళతో రాశాను. చూసుకున్నాను. చెరిపాను. మళ్ళీ రాశాను.

"జ్వరం తగ్గిందా?"

పంపాను.

బూతులు రాస్తే చుక్కలుగా మార్చేస్తుంది ఆ ఆట. దీన్ని మార్చలేదు. మా జట్టులో ఒకడు "ఎవరికన్నా జ్వరం?" అని అడిగాడు. "ఊరికే" అని రాశాను. రౌండు మొదలైంది. అందరూ పరిగెత్తారు. చెంగయ్య బొమ్మ మాత్రం మొదలుపెట్టిన చోటే నిలబడిపోయింది. తుపాకి కిందికి వాల్చి, గోడకేసి చూస్తూ. నెట్ పోయిందేమో అనుకున్నారు మా వాళ్ళు. పోలేదని నాకు తెలుసు. నేనే వెళ్ళాను. వెనకనుంచి కాదు, ఎదురుగానే వెళ్ళాను. చంపాను. గెలిచాం.

చాలాసేపటికి, అందరూ వెళ్ళిపోతుండగా, వాడి నుంచి ఒక మాట వచ్చింది. "బాగా ఆడినారు అన్నా."

ఎందుకు చేశాను? కోపమా? వాడి మీద నాకెప్పుడూ కోపం లేదు. చెన్నై ఆశా? ఆ జట్టువాళ్ళు మమ్మల్ని పిలవనే లేదు, దానికి నేను బాధపడనూ లేదు. నా నోటితో గెలవడం తనకు వద్దన్న మనిషిని నా నోటితో ఓడించాలి అనుకున్నానా? కావచ్చు. ఇంకా లోపలికి పోయి చూస్తే, వాడు ఓడిపోయినా నాకంటే మంచివాడుగా మిగిలిపోతాడన్న భయం కనిపిస్తుంది. చివరికి జరిగింది అదే కదా.

దీన్ని ఇక్కడితో ఆపేయగలిగితే బాగుండేది. కుర్రతనం, పోటీ, వెధవ బుద్ధి అని సర్దిచెప్పుకునేవాణ్ణేమో. కానీ ఇంకొక మాట ఉంది.

నాలుగు రోజుల తర్వాత చెంగయ్య కావలి వచ్చాడు. రైల్వే గేటు దగ్గర టీ కొట్టు ముందు నిలబడ్డాం. గడ్డం పెరిగి ఉంది. టీ తాగకుండా గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

"ఆట తీసేసినాన్రా ఫోన్లోంచి" అన్నాడు.

"ఏమైంది?"

"ఎవురో తెల్దు. జొరం తగ్గిందా అని అడిగినాడు. ఊరూ పేరూ లేనోడు. ఆడికెట్టా తెలస్తాది?"

నేను గ్లాసులోకి చూస్తున్నాను. వాడు నా వైపు తిరిగాడు.

"ఇద్దరికే తెల్సురా ఇది. నీకూ, మా బావకీ."

అప్పుడు అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణేమో అని ఈ ఐదేళ్ళలో ఎన్నోసార్లు అనుకున్నాను. వాడు నన్ను అడగలేదు.

"నువ్వు చెప్పేవోడివి గాదులే" అన్నాడు. "మా బావే. ఆట మాన్పియ్యాలని ఎవురి చేతనో అడిగిచ్చినాడు. ఎంత పని చేసినాడు చూడు. అయ్యుంటాదంటావా?"

రైలు వస్తోంది, గేటు వేస్తున్నారు. సైకిళ్ళు, ఆటోలు మా పక్కనే వచ్చి ఆగుతున్నాయి. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. కాదు అంటే చాలు. నేనే అని ఒప్పుకోకపోయినా, బావ అయ్యుండడు అని అంటే చాలు.

"అయ్యుండొచ్చు" అన్నాను.

వాడు తలూపాడు. టీ పారబోసి, గ్లాసు తిరిగిచ్చి, బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఇంటి ముందు బావతో, ఇక మన ఇద్దరికీ ఒక పడవ కుదరదు అన్నాడట. ఎందుకో చెప్పలేదు. చెప్పాలంటే దుప్పటి సంగతి అమ్మ ముందు చెప్పాలి కదా. రమణ బావ రెండు నెలలు చూసి, భార్యను తీసుకుని పులికాట్ వైపు తన సొంత ఊరికి వెళ్ళిపోయాడు. అక్కా తమ్ముళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. చెంగయ్య ఇప్పుడు వేరేవాళ్ళ పడవలో కూలికి పోతున్నాడు. ఫోను ఒకటి ఉంది, మాట్లాడటానికి మాత్రమే. నాతో మాట్లాడతాడు. ఇప్పటికీ మాట్లాడతాడు.

చదువు అయ్యాక నాకు గూడూరులో ఉద్యోగం వచ్చింది. చెంగయ్య అక్క, అదే రమణ బావ భార్య సుజాతక్క, వాళ్ళ ఊరికి అక్కడినుంచి బస్సులో పోయి రావచ్చు. మూడేళ్ళ కిందట పాపకు చెవులు కుట్టిస్తున్నామని ఆమె నన్ను పిలిచింది. ఆ రోజు శ్రీహరికోటలో రాకెట్ వదులుతున్నారు. వేటకు పోనివ్వరు, మగాళ్ళంతా ఇంటి దగ్గరే ఉంటారని ఆ రోజు పెట్టుకున్నారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. చెంగయ్య రాలేదు. కంసాలాయన వచ్చి కూర్చుని తొందరపెడుతున్నాడు. సుజాతక్క వీధి చివర దాకా వెళ్ళి చూసి వచ్చి, నా ముందు నిలబడింది. "తమ్ముడా, నాకు నువ్వొకటి వాడొకటి గాదు. నువ్వు కూర్చో" అంది.

కూర్చున్నాను. మేనమామ పెట్టాల్సిన గౌనూ, కాళ్ళ పట్టీలూ ఆమే కొని తెచ్చి, ఎవరూ చూడకుండా నా చేతిలో పెట్టి, అందరి ముందూ నా చేత ఇప్పించింది. పాప ఒకటే ఏడుపు. సూది దిగేటప్పుడు నా బొటనవేలు పట్టుకుంది. ఏ వేలు? ఆ రెండు మాటలూ రాసిన వేలే.

భోజనాల దగ్గర రమణ బావ నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, తనేం తప్పు చేశాడో చెంగయ్య నాకైనా చెప్పాడా అని అడిగాడు. తెలియదన్నాను. ఆయన తల వంచుకుని, కలిపిన అన్నాన్నే మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచి పాప నన్ను మామా అంటుంది.

పోయిన వారం సుజాతక్క మళ్ళీ ఫోన్ చేసింది. రెండోవాడికి వచ్చే నెల చెవులు కుట్టిస్తారట. "మళ్ళీ నువ్వే తమ్ముడా, వాడు రాడు గదా" అంది. సెలవు దొరకదేమో అక్కా అన్నాను. అదీ అబద్ధమే. ఆమె చిన్నబోయి, సరేలే అంది. ఈసారి ఆ పీట మీద కూర్చోలేనని మాత్రం నాకు తెలిసింది. ఎందుకు కూర్చోలేనో చెప్పాల్సిన మనుషులు ముగ్గురు ఉన్నారు. చెంగయ్య ఊరికి పోవాలి. పడవ నీడలో కూర్చుని, వాడు నాకు చెప్పినట్టే నేనూ వాడికి చెప్పాలి. పోతానా? చాలాసార్లు పోవాలనుకుని, పోయి, వాడు వండించిన చేపల పులుసు తిని తిరిగొచ్చాను. అందుకని మీకు మాట ఇవ్వను. ఇస్తే, ఇచ్చినందుకే నా మనసు తేలికపడి, మళ్ళీ ఊరుకుంటానేమో.

మిమ్మల్ని క్షమించమనీ అడగను. అది మీ చేతిలో ఉన్నది కాదు. వాడి చేతిలో ఉందో లేదో కూడా తెలియదు. పోయిన పడవ పొత్తూ, అక్క ముందు కూర్చుని తినని ఐదేళ్ళ అన్నమూ, క్షమిస్తే తిరిగొస్తాయా?

ఒక్క పని మాత్రం చేస్తాను. ఇన్నాళ్ళూ నాలో నేను కూడా పూర్తిగా అనుకోని వాక్యాన్ని ఇక్కడ రాస్తాను. ఆ ఆదివారం మధ్యాహ్నం, జ్వరం తగ్గిందా అని అడిగింది రమణ బావ కాదు, ఆయన అడిగించిన మనిషీ కాదు. నేను.

రాశాను. చూసుకున్నాను. చెరపడం లేదు.