పన్నెండో గంటకు ఆగిన రైలు

ఆదివారం మధ్యాహ్నం రెండు ముప్పై నాలుగుకు చికాగో శివారులోని నేపర్‌విల్ స్టేషన్లో పడమటి రైలు ఎక్కాను. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్‌కి మూడు గంటల దారి. అక్కడ నాకు చుట్టాలు లేరు, పనీ లేదు. అది స్వైన్ ఫ్లూ ఏడాది, అక్టోబరు నెల. నేను రోజూ ఆఫీసుకు వెళ్లే లోకల్ రైళ్లలో ఒకటో రెండో రద్దయినట్టు ప్లాట్‌ఫారం మీద కాగితాలు అంటిస్తున్నారు. కారణం సిబ్బంది అనారోగ్యం. మరి మిగిలినవి ఎలా నడుస్తున్నాయి? అది చూడడానికే బయలుదేరాను.

ఆ ప్రశ్న పుట్టింది ఒక విందులో. ముందు శనివారం ఓ మిత్రుడి ఇంట్లో ఫ్లూ రాకుండా హోమం చేసి అందరి చేతులకూ తోరాలు కట్టారు. కట్టిన పెద్దమనిషి మందుల కంపెనీలో శాస్త్రవేత్త. నేను చెయ్యి చాపలేదు.

"మనల్ని నడిపించేది పైవాడండీ" అన్నాడాయన.

"మిమ్మల్ని రోజూ చికాగోకి నడిపిస్తున్నది ఎవరో నేను కనుక్కొస్తాను" అన్నాను. కోపంలో అన్న మాటే. ఇంటికొచ్చాక నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

బండిలో కండక్టర్ పేరు లోరెన్. యాభై దాటిన నల్లజాతి స్త్రీ, ఖంగుమనే గొంతు. టికెట్టుకు చిల్లు పెడుతుంటే, ఈ బండికి ఎంతమంది తక్కువని అడిగాను.

"ముగ్గురి పని ఇద్దరం చేస్తున్నాం. కెఫే చూసే పిల్లకు జ్వరం. కనుక మీకు వేడి సాండ్‌విచ్ లేదు. చల్లటిది ఉంది, అది నేనే అమ్ముతాను."

"జ్వరంతో డ్యూటీకి వస్తే?"

"ఇంటికి పంపేస్తారు. ఇదివరకు దగ్గుతూ వచ్చినవాణ్ని వీరుడనేవాళ్లం. ఇప్పుడు మూర్ఖుడంటున్నాం."

ఇంట్లో ఫోను పక్కన కాచుకుని కూర్చునే స్పేర్ మనుషుల జాబితా ఒకటి ఉంటుందట. పిలిస్తే రెండు గంటల్లో స్టేషన్లో ఉండాలి. ఆ జాబితా కూడా అయిపోతేనో?

"ఆఫీసులో కూర్చునే మేనేజర్లు కొందరు పాత డ్రైవర్లే. లైసెన్సు చెల్లుతుంటే టైతోనే ఇంజను ఎక్కాలి" అంది. ఆ దృశ్యం ఆమెకు చాలా ఇష్టంగా ఉన్నట్టుంది.

ఐదున్నరకు బర్లింగ్టన్‌లో దిగాను. స్టేషన్‌కి నడిచివెళ్లే దూరంలో మోటెల్ ఉంది. గది శుభ్రం, కాఫీ దండగ. మర్నాడు పదిన్నరకు రావాల్సిన తిరుగు బండి పదకొండు ముప్పై అయిదుకు వచ్చింది. తలుపు దగ్గర మళ్లీ లోరెనే.

"డ్రైవర్‌కి జ్వరం. రాయ్ అని స్పేర్ మనిషి తెల్లవారుజామున రెండింటికి డ్యూటీ ఎక్కాడు. అప్పట్నుంచి అతనే నడుపుతున్నాడు" అని ఆలస్యానికి కారణం చెప్పింది.

పన్నెండు ఇరవై అయిదుకు గేల్స్‌బర్గ్. అక్కడ ఒక తెలుగమ్మాయి ఎక్కి నా పక్కన కూర్చుంది. ఇస్త్రీ చేసిన కోటు, ఒళ్లో ఫైలు. పేరు స్వప్న, ఊరు కరీంనగర్, అప్పుడే మాస్టర్స్ ముగించింది. నాలుగింటికి చికాగోలో టెస్టింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

"చదువైనంక జాబ్ లేకుండ నైంటీ డేసే ఉండనిస్తరు అంకుల్. నాకు సెవెంటీ ఎయిట్ అయిపోయినయ్. ఇది పోతే టికెట్ బుక్ చేసుకుని ఇంటికి పోవుడే."

"ఇంత ముఖ్యమైన రోజున పొద్దున రైలుకు రాలేదేం? ఏడున్నర తర్వాత ఒకటి ఉందిగా?"

ఆమె ఫైలు సర్దుకుంది. "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం. రూమ్మేట్ అస్సలు స్టార్ట్ కావద్దన్నది."

"కరీంనగర్ ఏడున్నరా, గేల్స్‌బర్గ్ ఏడున్నరా?"

"క్యాలెండర్ మీద అది రాయలేదు అంకుల్" అని నవ్వింది. "నాకు నమ్మకం లేదు. కానీ సెవెంటీ ఎయిట్ డేస్ అయినంక రిస్క్ ఎందుకు తీసుకోవాలె?"

చదువుకున్నవాళ్లు మూఢనమ్మకానికి పెట్టే ముద్దుపేరు ఇదే: రిస్క్ ఎందుకు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె ఫైలు తెరిచి కాగితాలు మళ్లీ చదువుకుంటుంటే ఊరుకున్నాను.

మెండోటా దాటాక వేగం తగ్గింది. ఒకటి యాభైకి బండి లూప్ లైనులోకి మళ్లి ఆగిపోయింది. ఒక పక్క ధాన్యపు గోదాము, మరో పక్క కోతకొచ్చిన మొక్కజొన్న. మైకులో లోరెన్ గొంతు వినిపించింది. డ్రైవర్ గంటలు రెండింటితో అయిపోతాయి, అతని చోట ఎక్కాల్సిన మనిషికి పొద్దున జ్వరం వచ్చింది, వేరే డ్రైవర్ వ్యానులో వస్తున్నాడు, గంటన్నర పట్టవచ్చు.

ఇక్కడ రైలు నడిపేవాడు పన్నెండు గంటలు దాటి పనిచేయకూడదని చట్టం. స్టేషన్ చేరినా చేరకపోయినా ఒకటే. కాసేపటికి రాయ్ ఇంజను దిగి, అన్నం డబ్బా పట్టుకుని మా పెట్టెలోకొచ్చి ప్రయాణికుడిలా కూర్చున్నాడు. సన్నటి మనిషి, ఎర్రబడ్డ కళ్లు.

టోపీ పెట్టుకున్న ఒకాయన ఊరుకోలేకపోయాడు. "ఇంకో గంటన్నర నడిపితే చికాగో. ఎవరికి తెలుస్తుంది?"

"తప్పు చేసినా నాకే తెలియదు" అన్నాడు రాయ్, డబ్బా మూత తీస్తూ. "అదే నా భయం."

స్వప్న నా వైపు తిరిగింది. "ఇది కూడా రాహుకాలమే కదా అంకుల్? టైమ్ అయింది, ఆపెయ్. మీరు నన్ను ఎక్కిరించిన్రు. మరి ఈయన్ను ఎక్కిరించరా?"

నిజమే. రెండూ గడియారాన్ని చూసి మనిషిని ఆపేవే. జవాబు రాయ్ దగ్గరుంటుందనిపించి, పన్నెండే ఎందుకని అడిగాను.

"కొన్నేళ్ల కిందట నేనూ పన్నెండో గంటలో ఉన్నాను. సిగ్నల్ పచ్చ అని గట్టిగా చెప్పాను. పక్కనున్నవాడు బ్రేకు లాగాడు. అది ఎరుపు" అన్నాడు. "నేను అబద్ధం చెప్పలేదు. నాకు పచ్చగానే కనిపించింది. పదకొండే పెట్టాలని నేను యూనియన్ మీటింగులో అడుగుతుంటాను."

"విన్నావుగా?" అన్నాను స్వప్నతో. "ఎందుకని అడిగితే కారణం చెప్పాడు. అది మారాలని కూడా అంటున్నాడు. నీ క్యాలెండర్‌ని అడిగి చూడు."

ఆమె ఫోనులో రూమ్మేట్ మెసేజ్ చూపించింది. ఫ్లూ వచ్చిందని ఆఫీసుకు చెప్పు, ఎవరూ అడగరు అని ఉంది. ఆమె బొటనవేలు ఫోను మీద ఊగిసలాడింది. అటుగా వచ్చిన లోరెన్ ఏం మెసేజని అడిగితే ఇంగ్లీషులో చెప్పింది.

"ఈ నెల ఫ్లూ పేరు వాడకు హనీ. నిజంగా మంచం పట్టినవాళ్లు మాకు చాలామంది ఉన్నారు."

స్వప్న ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది: డ్రైవర్ గంటలు అయిపోయాయి, రైలు పొలాల్లో ఉంది, నాలుగింటికి రాలేను. తర్వాత ఆమె కళ్లు పెద్దవయ్యాయి. మొదటి రౌండ్ ఇప్పుడే ఫోనులో చేద్దామన్నారట. లోరెన్ ఆమెను ఖాళీ కెఫే పెట్టెలోకి తీసుకెళ్లి, తలుపు వేసి బయట నిలబడింది. అక్కడున్న ముప్పై అయిదు నిమిషాలూ మైకు ముట్టుకోలేదు. వ్యాను ఎక్కడిదాకా వచ్చిందో సీటు సీటుకూ వెళ్లి గుసగుసగా చెప్పమని నాకు పని పురమాయించింది. చేశాను. టోపీ ఆయన కూడా గొంతు తగ్గించాడు.

మూడు పదికి చేల మధ్య మట్టిదారిలో తెల్ల వ్యాను వచ్చింది. దిగినాయనకు నీలం టై ఉంది. డ్రైవర్లకు శిక్షణనిచ్చే మేనేజరు. లోరెన్ నాకు కన్ను గీటింది. మూడు ఇరవై అయిదుకు బండి కదిలింది.

నేపర్‌విల్ ఇంకా పావుగంట ఉందనగా స్వప్న ఫోన్ మోగింది. విని పెట్టేసింది.

"రెండో రౌండ్‌కి పిలిచిన్రు. ఆఫీసుకే రమ్మన్నరు. శుక్రవారం లెవెన్‌కి."

రాహుకాలం లెక్క నాకూ తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో బట్టీ పట్టించినదే. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు.

"అవును అంకుల్, సరిగ్గా అండ్లనే" అంది నా ముఖం చూసి. "వేరే టైమ్ అడగలేదు. ఏ రైలుకు స్పేర్ డ్రైవర్ ఉంటడో లోరెన్‌ని అడిగిన. గురువారం సాయంత్రం వచ్చి ఫ్రెండ్ దగ్గర ఉండమన్నది. వస్త." ఫైలు మూసింది. "రూమ్మేట్‌కి శుక్రవారం అని మాత్రమే చెప్త. టైమ్ చెప్ప."

నాలుగు ఇరవైకి దిగడానికి లేచాను. రెండు వరసల ముందు రాయ్ కిటికీకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పది గంటల విశ్రాంతి పూర్తయ్యేదాకా అతన్ని ఎవరూ డ్యూటీకి పిలవకూడదట. అదీ చట్టమే. తోరాల పెద్దమనిషికి నేను మోసుకెళ్లే జవాబు అతనే. పన్నెండు గంటలు నడిపిన డ్రైవర్ మా పెట్టెలో హాయిగా నిద్రపోతున్నాడు, టై కట్టినాయన చేతిలో రైలు నిక్షేపంగా నడుస్తోంది.