జ్వరం లేని పిల్లకు బత్తాయి

ఈ రోజు నాంపల్లిలో మా ప్రార్థన గదికి వచ్చే చిన్నపిల్లలకు పండ్లు ఎలా పుడతాయో చెబుదామని ఆబిడ్స్‌లో బండి మీద రెండు బత్తాయిలు కొన్నాను. గ్రంథం తెరిచి, దేవుడు మూడో దినాన పండ్ల చెట్లను మొలిపించిన సంగతి గొంతెత్తి చెప్పాను. గింజ, మొలక, పువ్వు, పిందె అన్నీ చేతులతో చూపించాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. తరువాత తలా ఒక తొన పంచాను.

నాలుగేళ్ళ ఎల్లమ్మ తొన పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

"తిను బిడ్డా, తియ్యగుంటది" అన్నాను.

"నాకు జరం రాలే సారూ! మా తాతకు జరమొస్తే గిదే తెచ్చిన్రు. తిన్నడు, సచ్చిపోయిండు."

పక్కనున్న ఇద్దరు పిల్లలు తమ తొనలను మెల్లగా చాప మీద పెట్టేశారు.

అంతలో బషీర్‌బాగ్‌లో మట్టి తట్టలు మోసే ఎల్లమ్మ తల్లి వచ్చింది. పిల్ల చేతిలో బత్తాయి చూసి, పరుగున వచ్చి నుదురు తడిమింది.

"ఏమైంది సారూ నా బిడ్డకు?"

"ఏం కాలేదమ్మా. ఊకెనే పెట్టిన."

"ఊకెనే ఎవరన్న బత్తాయి పెడ్తరా? నా కాడ దాస్తున్రు!"

పిల్లను భుజాన వేసుకుని అఫ్జల్‌గంజ్ దవాఖాన దిక్కు నడిచింది. నరకాగ్ని గురించి మూడు గంటలు గర్జించే నేను, "జరం లేదమ్మా" అనుకుంటూ సందు చివరిదాకా ఆ తల్లి వెనక పరుగెత్తాను.

చదివినవారు నిజం చెప్పండి. మీ ఇంట్లో పిల్లకు, ఒళ్ళు బాగున్న రోజున, పండు పెట్టింది ఎప్పుడు?