అతుకు మధ్యలో లేచాం

గత నెలలో ఒక సోమవారం పొద్దున మా అత్త పోయింది. మా నాయనకు చెల్లెలు, ధర్మవరంలో నాకు మగ్గం నేర్పిన మనిషి. శవం ఇంట్లో ఉండగానే బంధువుల్లో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ఎవరన్నా అడిగితే కడుపునొప్పి అని చెప్పమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాకిట్లో అందరికీ వినపడేలా చెప్పాను, "గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చి పోయింది" అని. ఇక్కడా అదే రాస్తున్నాను. దాచిపెట్టడానికి ఆమె దొంగతనమేమీ చేయలేదు.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, నేసి అయిపోతే పాత కొసలు తీసి పారేయం. కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటిగా మెలేసి అతుకుతాం. వేళ్లకు పట్టు దొరకడానికి బూడిద రాసుకుంటాం. వేల పోగులు. మధ్యలో ఎవరైనా లేస్తే అత్త ఊరుకునేది కాదు. "కూర్చున్యాక అయ్యేదాకా కూర్చోవల్ల. నీళ్లు తాగేది తర్వాత" అనేది. నన్నెన్నిసార్లు తిట్టిందో!

ముట్లు ఆగిపోయిన కొన్నేండ్లకు ఆమెకు మళ్లీ రక్తం కనపడింది, అలాంటి ఒక అతుకు రోజే. చీర తడిసినా లేవలేదు. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని వేడి చేసిందనుకుంది. మా ఇళ్లలో అందరం అనుకునేది అదే. ఏడాది పాటు సబ్జా గింజల నీళ్లు తాగింది. నానబెట్టి ఇచ్చింది నేనే. ఆ గ్లాసు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

చివరికి పరీక్షలో క్యాన్సర్ అని తేలితే, బెంగళూరు ఆసుపత్రిలో కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. కొన్నాళ్లకు జబ్బు తిరగబెట్టింది. అప్పుడొక డాక్టరమ్మ, కొత్త మందు మీద పరిశోధన జరుగుతోందని, ఇష్టమైతే చేరవచ్చని చెప్పింది. నయమవుతుందని మాట ఇవ్వలేమనీ దాచకుండా చెప్పింది. నేను వద్దన్నాను.

అత్త నవ్వింది. "ఏమ్మే, పాత కొసలు మగ్గం మీద ఎందుకు ఉంచుతాం? కొత్తది అతికేదానికే కదా" అని, డాక్టరమ్మ వైపు తిరిగి, "నాకు పన్జేయకపోతే పన్జేయలేదనే రాసుకోమ్మా. ఇంగొకామెకు పనికొస్తాది" అంది. కాగితాలన్నీ నాతో చదివించుకుని, అడగాల్సినవి అడిగి, సంతకం చేసింది.

మందు కొన్ని నెలలు గడ్డను పెరగనివ్వలేదు. తర్వాత దానివల్ల కాలేదు. ఆ నెలల్లో అతుకుకు వచ్చిన ప్రతి ఆడమనిషినీ, "పరీక్ష చేయించుకున్యావా?" అని అడిగేది. వాళ్లు తల దించుకుంటే, "సిగ్గుపడి నేనేం బాగుపడినానో చూడు. ఆ పొద్దు లేచింటే బాగుండు" అనేది.

అత్త పోయాక, పెద్ద దినం కర్మ అయిన మరుసటి రోజు ఆమె మగ్గానికే కొత్త పడుగు అతకడానికి నలుగురం కూర్చున్నాం. సగం అయింది. పక్కింటామె నా చెవి దగ్గరికి వంగి, "నాకూ అట్లే అయితాండాదే, మూడు నెల్ల నుంచి. వేడేమో" అంది.

"లేయ్" అన్నాను.

"అతుకు?"

"అట్లే ఉండనీ. లేయ్."

అతకని పోగులు మగ్గానికి వేలాడుతుండగానే ఇద్దరం బయటికి నడిచాం. ఆటోలో ఆమె నా చేయి వదల్లేదు. పెద్దాసుపత్రిలో ఆడవాళ్ల వరుసలో నిలబడ్డాక చూసుకున్నాం, ఇద్దరి వేళ్లకూ బూడిద అలాగే ఉంది.